పశువు గుండె జబ్బు గుండె దగ్గర కనబడదు

రాత్రి పాలిచ్చిన గేదె తెల్లారేసరికి కొట్టంలో చచ్చిపడి ఉంటే ఊళ్లో మొదట వినబడే మాట "హార్ట్ ఎటాక్ అయ్యుంటది". ఆ మాట దాదాపు ఎప్పుడూ తప్పే. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుని, గడ్డ అడ్డుపడి గుండె ఆగడం మనుషుల జబ్బు. పశువుల్లో, కుక్కల్లో, పిల్లుల్లో అది బహు అరుదు. అలాగని వాటికి గుండె జబ్బులు లేవా అంటే బోలెడున్నాయి. దారులే వేరు. దాణాలో వచ్చిన ఇనప తీగ, కంచె పక్కన మేసిన నాలుగాకులు, తొందరపడి ఎక్కించిన సీసా మందు, వైరస్, వయసుతో చెడిన కవాటం. పైగా పశువు ఎద మీద చెయ్యేసుకుని నొప్పి అని చెప్పదు. జబ్బు గుండెలో ఉంటే గుర్తు గంగడోలులో ఉంటుంది, మెడ నరంలో ఉంటుంది, కుక్కకైతే నిద్రలో తీసే ఊపిరిలో ఉంటుంది. అక్కడ చూడడం తెలిస్తే స్టెతస్కోపు లేకుండానే సగం పని అవుతుంది.

గుండెను పక్కపక్కనే అతికించిన రెండు పంపులనుకోండి. కుడి పంపు ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. ఎడమ పంపు అక్కడ శుభ్రపడి వచ్చినదాన్ని ఒళ్లంతటికీ తోస్తుంది. ఎడమ గోడ మందం, కుడి గోడ పల్చన. పంపు బలహీనపడితే రక్తం వెనక్కి నిలబడిపోతుంది, నిలబడ్డచోట నీరు ఊరుతుంది. కుడి పంపు చెడితే ఒంట్లో నీరు చేరుతుంది: మెడ నరం ఉబ్బుతుంది, గంగడోలు వాస్తుంది, పొట్ట నిండుతుంది. ఎడమ పంపు చెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది: ఆయాసం, దగ్గు. ఆవులు, గేదెలు, బ్రాయిలర్ కోళ్లు ఎక్కువగా మొదటి రకం. ఇంట్లో పెంచే చిన్న జాతి కుక్కలు రెండో రకం. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

నాడి ఎక్కడ చూడాలంటే, ఆవుకు తోక ఎత్తి, మొదలు నుంచి బెత్తెడు దూరంలో అడుగువైపు నడిమధ్య రెండు వేళ్లు ఆనించాలి. కుక్కకు, పిల్లికి, మేకకు వెనక తొడ లోపలివైపు. గుర్రానికి దవడ ఎముక కింద అంచున. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. పెద్ద ఆవుకు నిమిషానికి 60 నుంచి 80, గేదెకు ఇంకాస్త తక్కువ, 40 నుంచి 60. చిన్న దూడకు 100 దాటినా కంగారు లేదు. మేకకు, గొర్రెకు 70 నుంచి 90. గుర్రానికి 28 నుంచి 44 మాత్రమే. విశ్రాంతిలో ఉన్న గుర్రం గుండె మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొట్టడం మామూలే, నాలుగడుగులు పరిగెత్తిస్తే సర్దుకుంటుంది. కుక్క పెద్దదైతే 60 నుంచి 100, చిన్నదైతే 140 వరకూ. కుక్క ఊపిరి పీల్చినప్పుడు నాడి వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం కూడా జబ్బు కాదు. పశువును ఎండలోంచి తోలుకొచ్చిన వెంటనే లెక్కపెడితే ఆ అంకె దేనికీ పనికిరాదు. పొద్దున్నే, నీడన, నెమరేస్తూ ఉన్నప్పుడు చూడాలి. ఆవుకు అలాంటప్పుడు కూడా 90 దాటి కొడుతుంటే ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టే.

ఇక మెడ నరం. తల మామూలు ఎత్తులో ఉన్నప్పుడు మెడ కింది మూడోవంతులో చిన్న అల కనబడొచ్చు, అది సహజం. అల దవడ దాకా పాకుతున్నా, నరం పలుపుతాడంత లావై నిలబడిపోయినా పరీక్ష చేయాలి. మెడ మధ్యలో బొటనవేలితో నరాన్ని నొక్కిపట్టి, అక్కణ్నుంచి రొమ్ము వైపు రెండో చేత్తో నిమిరి ఖాళీ చేయండి. పైనుంచి వచ్చే రక్తం వేలి దగ్గర ఆగిపోతుంది కాబట్టి కింది భాగం ఖాళీగానే ఉండాలి. ఉండకుండా రొమ్ము వైపు నుంచి మళ్లీ నిండుకుంటూ వస్తే గుండె రక్తాన్ని వెనక్కి నెడుతోందని అర్థం.

మన పాడి పశువుల గుండెకు అసలు శత్రువు ఇనుము. మేక పెదాలతో ఏరుకుని తింటుంది. ఆవు, గేదె నాలుకతో చుట్టి లాక్కుని, సరిగా నమలకుండానే మింగేస్తాయి, నెమరు తర్వాత చూసుకుందామని. అందుకే మేకు, తీగముక్క, సూది తేడా తెలియకుండా లోపలికి పోతాయి. బరువైన వస్తువు వెళ్లి కూచునేది రెటిక్యులంలో. మాంసం దుకాణంలో తేనెతుట్టె గళ్లలా కనిపించే పొట్ట భాగం అదే. ఆ గళ్లలో తీగ ఇరుక్కుంటుంది. రెటిక్యులానికి ముందు రొమ్మును, పొట్టను వేరుచేసే పల్చని విభాజకపటలం, దానికి అవతలే గుండె. మధ్య దూరం కొద్ది సెంటీమీటర్లే. రెటిక్యులం నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా తీగ కొంచెం కొంచెం ముందుకు పోతుంది. చూడి నిండి దూడ పొట్టను తోస్తున్నప్పుడు, ఈనేటప్పుడు ముక్కితే, ఎదలో ఉన్న పశువు పైకెక్కితే ఒక్క తోపుతో లోపలికి దిగిపోతుంది. ఈనిన పది పదిహేను రోజుల్లో ఈ కేసులు ఎక్కువగా కనబడడం ఊరికే కాదు.

ఆ ఇనుము ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం కష్టం కాదు. ఇంటి పక్కన స్లాబు పడుతుంటే కమ్మీలు కట్టే బైండింగ్ వైరు ముక్కలు, సెంట్రింగ్ చెక్కల మేకులు గడ్డివాములో చేరతాయి. పాత టైరును కోసి కుడితి తొట్టిగా వాడితే అంచుల్లోని ఉక్కు తీగ తుప్పుపట్టి తునకలుగా రాలుతుంది. టైరు తగలబెట్టినచోట మేపితే ఇంకా ఘోరం, రబ్బరు కాలిపోయి తీగంతా మిగులుతుంది. కుట్టు మిషను ఊడ్చిన చెత్తలో సూదులు, వంటింటి తొక్కల్లో పిన్నీసులు. మేత కోసే చాఫ్ కట్టర్ ఒక పెద్ద తీగను పది కోసు ముక్కలుగా చేసి పెడుతుంది. 3 నుంచి 10 సెంటీమీటర్ల వంకర లేని ముక్కే అన్నిటికన్నా ప్రమాదం. చుట్టలు చుట్టుకున్న తీగ అంత తేలిగ్గా దిగబడదు.

మొదటి దశలో గుర్తులు ఇలా ఉంటాయి. పాలు ఒక్క పూటలో సగానికి పడిపోతాయి. మేత ముట్టదు, నెమరు ఆగుతుంది, పేడ తక్కువగా, గట్టిగా వేస్తుంది. వీపు విల్లులా వంచి, ముందు మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది. పడుకోడానికి జంకుతుంది, పడుకునేటప్పుడు మూలుగుతుంది. పల్లం దిగమంటే దిగదు. జ్వరం 103, 104 డిగ్రీల ఫారన్‌హీట్. ఇవన్నీ చూసి అజీర్తనుకుని వాము, బెల్లం, మెగ్నీషియం పొడి పోసేస్తారు. రెండు రోజులు ఇలాగే పోతాయి, ఆ రెండు రోజులే అన్నిటికన్నా విలువైనవి.

తేల్చుకోడానికి రెండు పాత పరీక్షలున్నాయి. మూపురం వెనక వీపు చర్మాన్ని రెండు చేతులతో గట్టిగా పిడికిట పట్టి నొక్కితే మామూలు ఆవు వీపు కిందికి వంచుతుంది. తీగ గుచ్చుకున్న ఆవు వంచదు, బిగబట్టి మూలుగుతుంది. రెండోది కర్ర పరీక్ష: ఇద్దరు మనుషులు ముందుకాళ్ల వెనక, రొమ్ము ఎముక చివర దగ్గర పొట్ట కింద గట్టి కర్ర పెట్టి నెమ్మదిగా పైకెత్తి ఒక్కసారిగా వదిలేయాలి. మూడో మనిషి పశువు గొంతు దగ్గర చెవి ఆనించి మూలుగు వినాలి. కర్రను చేతి బెత్తెడు చొప్పున వెనక్కి జరుపుతూ మళ్లీ చేస్తే నొప్పి ఎక్కడుందో కూడా తెలుస్తుంది. నిండు చూడి పశువుకు ఈ కర్ర పరీక్ష జోలికి పోవద్దు. మెటల్ డిటెక్టర్ కుయ్యిమన్నంత మాత్రాన జబ్బు తేలినట్టు కాదు. ఏ బాధా లేని ఆవుల కడుపులో కూడా ఇనుము ఉంటుంది. గుచ్చుకుందా లేదా అన్నది ఆ పెట్టె చెప్పలేదు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ కావాలంటే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లాంటి పెద్దచోట్లకు వెళ్లాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈ దశలో వైద్యం పనిచేస్తుంది. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, వేలంత లావు ఉండే గొట్టం ఆకారపు అయస్కాంతాన్ని బోలస్ గన్‌తో, అంటే మాత్రను గొంతులోకి వదిలే గొట్టంతో, మింగిస్తారు. అది ముందు పెద్దపొట్టలో పడి, కదలికలతో రెటిక్యులంలోకి చేరి తీగను తనవైపు లాక్కుంటుంది. డాక్టరు మూడు నుంచి ఐదు రోజులు యాంటీబయాటిక్, నొప్పి మందు ఇస్తారు. పశువును తిప్పకుండా ఒకేచోట కట్టి, ముందుకాళ్ల కింద మట్టి పోసి జానెడెత్తు లేపితే పొట్ట బరువు వెనక్కి జారుతుంది, తీగ మీద ఒత్తిడి తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో మేత మొదలుపెట్టకపోతే రూమెనాటమీ చేయించాలి. పశువు నిలబడి ఉండగానే ఎడమ డొక్కలో మత్తు సూది వేసి, కోసి, పొట్ట తెరిచి చెయ్యి పెట్టి రెటిక్యులం గళ్లన్నీ వెతికి తీస్తారు. ఆపరేషన్ పేరు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు, అది పొరపాటు. సకాలంలో చేస్తే పశువు మళ్లీ పాలకొస్తుంది. రాగి, అల్యూమినియం తీగలకు అయస్కాంతం అంటదు, ప్లాస్టిక్‌కు అసలే కాదు. అయస్కాంతం వేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఆలస్యమైతే తీగ గుండె సంచిలోకి దిగుతుంది. దానితోపాటు పొట్టలోని సూక్ష్మజీవులన్నీ వెళ్తాయి, సంచి చీముతో నిండుతుంది. చుట్టూ చీము బిగిసేసరికి గుండె సాగి నిండలేదు. పల్చని కుడి గోడే ముందు లొంగుతుంది. అందుకే గుర్తులన్నీ కుడివైపువి. మెడ నరాలు తాళ్లలా ఉబ్బుతాయి, దవడ కింద, గంగడోలులో, రొమ్ము మీద నీరు దిగుతుంది. వేలితో నొక్కితే పిండిముద్దలా సొట్ట నిలబడిపోతుంది. నాడి వంద దాటుతుంది. ఎడమ మోచెయ్యి వెనక చెవి పెడితే మొదట్లో తోలు తోలుకు రాసుకున్న చప్పుడు, తర్వాత సగం నిండిన కుండ ఊపినట్టు గలగల, ఇంకా ముదిరితే గుండె చప్పుడు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. విచిత్రమేమిటంటే ఈ దశకు మొదటి నొప్పి తగ్గిపోయి ఉండొచ్చు. కర్ర పరీక్షకు మూలగదు, కొంచెం మేస్తుంది కూడా. తేరుకుందని యజమాని సంబరపడతాడు.

ఇక్కడ కటువైనా చెప్పాల్సిందే: గంగడోలు నిండాక ఇక దాదాపు దారి లేదు. ఎడమ ఐదో పక్కటెముకల సందులో సూదితో చీము తీస్తే ఒకటి రెండు రోజులు ఊరట, అంతే. పక్కటెముక కోసి సంచి తెరిచే ఆపరేషన్లు చేసినవాళ్లున్నారు, బతికినవి తక్కువ. నీరు లాగే ఇంజక్షన్లకు రోజూ డబ్బు పోయడం కన్నా, ఈ మాట మొదటి రోజే యజమానికి చెప్పేయడం మంచి డాక్టరు పని.

దవడ కింద నీరు కనబడగానే గుండె అనుకోకూడదు మరి. చెరువు గట్టున మేసే పశువుల్లో కార్జపు జలగలు, గొర్రెల్లో రక్తం తాగే పొట్ట పురుగులు కూడా అక్కడే నీరు దింపుతాయి. తేడా మెడ నరం దగ్గర తెలుస్తుంది. పురుగులైతే నరం మామూలుగానే ఉంటుంది, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. గుండె అయితే నరం ఉబ్బి ఉంటుంది. పొదుగులోనో గిట్టలోనో పాత చీము ఉన్న ఆవుకు జ్వరం వస్తూ పోతూ, కాళ్లు మార్చి మార్చి కుంటుతూ, చిక్కిపోతూ ఉంటే గుండె కవాటం మీద సూక్ష్మజీవుల గడ్డ కట్టిందేమో చూడాలి. ఆవుల్లో అది ఎక్కువగా కుడివైపు కవాటం మీదే కడుతుంది. వారాల తరబడి యాంటీబయాటిక్ వాడినా ఫలితం అంతంతమాత్రమే.

నివారణ చవక. పెయ్యకు, పడ్డకు ఏడాది వయసు దాటే వేళకు ఒక అయస్కాంతం మింగిస్తే జీవితాంతం ఉంటుంది, రెండోది అక్కర్లేదు. వేసిందో లేదో గుర్తులేకపోతే చిన్న దిక్సూచి తీసుకుని ఎడమ మోచెయ్యి వెనక, రొమ్ము కింది భాగం దగ్గర పెట్టి చూడండి. లోపల అయస్కాంతం ఉంటే ముల్లు తిరిగిపోతుంది.

ఇప్పుడు సీసా మందు సంగతి. ఈనిన ఆవు చెవులు చల్లబడి, మెడ డొక్కకేసి తిప్పి పడిపోతే పాల జ్వరమని, అంటే రక్తంలో కాల్షియం పడిపోయిందని, కాల్షియం ఎక్కిస్తారు. ప్రాణం పోసే మందే. కానీ గుండె కండరం ముడుచుకోడానికి వాడుకునేది కూడా ఆ కాల్షియమే. ఒక్కసారిగా ఎక్కువ చేరితే లయ తప్పి ఆగిపోతుంది. సూది నరంలో ఉండగానే చచ్చిన ఆవులున్నాయి. 450 మిల్లీలీటర్ల సీసా కనీసం పావుగంట పట్టాలి. ముందు సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. ఎక్కించేవాళ్లు ఒకరు, గుండె వినేవాళ్లు ఒకరు ఉండాలి. మందు పనిచేస్తుంటే కండరాలు వణుకుతాయి, తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, ముట్టె చెమరుస్తుంది, గుండె చప్పుడు నెమ్మదించి బలపడుతుంది. మధ్యలో దెబ్బలు తప్పుతుంటే అక్కడే ఆపేయాలి. సగం నరానికి, సగం చర్మం కింద ఇచ్చే పద్ధతి భద్రమే కానీ, డెక్స్‌ట్రోజ్ కలిసిన సీసాను చర్మం కింద ఎక్కిస్తే పుండు పడుతుంది, లేబుల్ చదవాలి. పొదుగువాపుతో ఒళ్లంతా విషమెక్కి పడిపోయిన ఆవు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. దాని గుండె కాల్షియం దెబ్బకు ఇంకా తట్టుకోలేదు. అందుకే సీసా తగిలించేముందు పొదుగు పిండి చూడాలి, పాలు నీళ్లలానో రక్తంలానో ఉంటే ఆగాలి.

గన్నేరు అంతకన్నా మోసకారి. పచ్చి ఆకు చేదని పశువు వదిలేస్తుంది. కొమ్మలు కొట్టి పడేస్తే వాడి చేదు తగ్గిన ఆకును తినేస్తుంది, ఎండినా విషం పోదు. జాతీయ రహదారుల మధ్య వరసగా పెంచే చెట్లలో ఇదొకటి. కత్తిరించిన కొమ్మలు రోడ్డు పక్కన పడి ఉన్నచోట మేకలను, ఆవులను వదలడం చావుకు తోలడమే. పది ఇరవై ఆకులు పెద్ద ఆవును చంపగలవు. విరేచనాలు, చల్లబడిన కాళ్లు, ఒకసారి నెమ్మదిగా ఒకసారి గబగబా కొట్టే నాడి, ఆపైన కూలబడడం. పచ్చగన్నేరు గింజలదీ ఇదే తీరు. ఇలా పడిపోయిన పశువుకు కాల్షియం ఎక్కిస్తే విషానికి తోడైనట్టే. చుట్టుపక్కల గన్నేరు కొట్టారేమో డాక్టరుకు ముందే చెప్పండి, మందే మారిపోతుంది.

గాలికుంటు వచ్చినప్పుడు పెద్ద పశువులు నోటి పుళ్లతో, గిట్టల పుళ్లతో బాధపడి లేస్తాయి. పాలు తాగే దూడలు మాత్రం పుండు కూడా కనబడకముందే పొదుగు దగ్గరే కూలిపోతాయి. వైరస్ వాటి గుండె కండరాన్ని తింటుంది. కోసి చూస్తే ఎర్రని కండ మీద బూడిద, పసుపు చారలుంటాయి, పులి గుండె అంటారు. దీనికి వైద్యం లేదు, టీకాయే. నాలుగో నెలలో మొదటిది, నెలకు బూస్టరు, తర్వాత ఆరు నెలలకోసారి.

బ్రాయిలర్ షెడ్లలో చలికాలం పొట్టలో నీళ్లతో చచ్చే కోళ్లది కూడా గుండె జబ్బే. ఐదారు వారాల్లో రెండు కిలోలు దాటేలా పెంచిన శరీరం అడిగే ఆక్సిజన్ ఆ చిన్న ఊపిరితిత్తులు ఇవ్వలేవు. కుడి గుండె వాచి, కార్జం లోంచి పసుపు నీరు కారుతుంది. చలికి పరదాలు పూర్తిగా మూసేసి అమోనియా ఘాటు నిలబెడితే ఇంకా పెరుగుతుంది. మనిషి లోపలికెళ్లగానే కళ్లు మండితే కోడికి అప్పటికే ఎక్కువైంది. పైభాగంలో పరదా కొద్దిగా తీసి ఉంచడం, మొదటి వారాల్లో మేత కాస్త బిగపట్టడం, దాణాలో ఉప్పు కొలత చూసుకోవడం పనిచేస్తాయి. దీన్ని లీచీ వ్యాధితో కలపకండి. అది అడినోవైరస్ పని, 1987లో కరాచీ దగ్గరి అంగారా గోఠ్‌లో మొదట బయటపడింది. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో గుండె సంచి నిండా తేట నీరు, అందులో గుండె తొక్క తీసిన లీచీ పండులా తేలుతుంటుంది.

కుక్కల గుండె జబ్బుల్లో అధికం ఎడమ కవాటం మందమెక్కి కారడమే. పొమరేనియన్, పగ్, డాషండ్ లాంటి చిన్న జాతుల్లో, ఎనిమిది పదేళ్ల వయసులో. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్దవాటిలో కవాటం కాదు, గుండె గోడే సాగి పల్చబడుతుంది. ఇంట్లో చేయగలిగిన గొప్ప పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చులేదు. గాఢ నిద్రలో ఉన్నప్పుడు కుక్క డొక్క ఎన్నిసార్లు లేచి దిగిందో నిమిషం పాటు లెక్కపెట్టండి. లేచి దిగితే ఒకటి. 30 లోపు ఉండాలి. రోజూ 18 ఉండేది 28 అయి, 35 అయితే ఊపిరితిత్తుల్లో నీరు మొదలైనట్టు, దగ్గు ఆయాసం రాకముందే. కాలెండరు మీద రాసుకుంటూ పోతే డాక్టరుకు ఎక్స్‌రే అంత పనికొస్తుంది. పొమరేనియన్ బాతులా క్వాక్ క్వాక్ అని దగ్గితే మాత్రం అది ఎక్కువగా శ్వాసనాళం ముడుచుకోవడం, గుండె మందులకు లొంగదు.

గుండె పెరిగిందని ఎకోలో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) తేలిన కవాటపు జబ్బుకు పిమోబెండాన్ అనే మందు ముందే మొదలుపెడితే గుండె చేతులెత్తేసే రోజు సగటున 15 నెలలు ఆలస్యమవుతుందని 2016లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. కిలోకు పావు మిల్లీగ్రాము లెక్కన పొద్దున, రాత్రి, తిండికి గంట ముందు, ఖాళీ కడుపున. అన్నంలో కలిపి పెట్టి మందు పనిచేయట్లేదనే వాళ్లు ఎక్కువ. నీరు వచ్చాక నీరు లాగే ఫ్యూరోసమైడ్ తప్పదు. అది వాడుతున్నప్పుడు నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మాటిమాటికీ మూత్రం పోస్తోందని నీళ్లు తగ్గిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పడం, ఊరగాయ అన్నం, ఉప్పేసిన మటన్ ముక్కలు మానిపించండి.

పిల్లి అసలే గుట్టు జీవి. గుండె జబ్బున్నా దగ్గదు, నడక తగ్గించి మంచం కింద పడుకుంటుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే అది వేడికి కాదు, అత్యవసరం. పెర్షియన్, మెయిన్ కూన్ జాతుల్లో గుండె గోడ లోపలికి మందమెక్కే జబ్బు ఎక్కువ. ఇంకోటి తిండి వల్ల వచ్చేది: పిల్లి ఒళ్లు టారిన్ అనే పోషకాన్ని సరిపడా తయారు చేసుకోలేదు, అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. టారిన్ లేకపోతే గుండె సాగి చెడిపోతుందని 1987లో తేలింది. శాకాహారుల ఇంట్లో పిల్లి ఎలుకలు పట్టుకుంటే బతికిపోతుంది, అపార్ట్‌మెంటులో తలుపులేసి పెరుగన్నం మీదే పెంచితే కాదు.

పిల్లి ఉన్నట్టుండి అరిచి వెనక కాళ్లు ఈడుస్తుంటే ఎక్కడినుంచో పడిందనుకోకండి. కాళ్లు పట్టుకుని చూడండి. ముందు కాళ్లకన్నా వెనకవి చల్లగా, పాదం మెత్తలు పాలిపోయి, గోళ్ల మొదళ్లు నీలంగా ఉంటే గుండెలో కట్టిన గడ్డ జారి నడుం దగ్గర రక్తనాళం రెండు పాయలయ్యేచోట ఇరుక్కుంది. నొప్పి భయంకరంగా ఉంటుంది. రుద్దొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గడ్డ కట్టే ప్రమాదమున్న పిల్లికి డాక్టర్లు రాసేది క్లోపిడోగ్రెల్, 75 మిల్లీగ్రాముల మనుషుల మాత్రలో నాలుగో వంతు, రోజుకోసారి. విపరీతమైన చేదు. చేపముక్కలో దాచినా పిల్లి నురగలు కక్కి ఉమ్మేస్తుంది. ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి, వెన్న రాసి నాలుక వెనక్కి వేస్తే దిగుతుంది.